అహర్గణము నుండి ఎపాక్ సెకండ్ల వరకు: కంప్యూటరులో తేదీల లెక్క

మన రామగుండం, గోదావరిఖని ప్రాంతములందు అనేక గృహములలో గోడకు ఒకటి కాదు, రెండు మూడు క్యాలెండర్లు వ్రేలాడుచుండును. ఒకదానిలో ఇంగ్లీషు తేదీలు, మరియొకదానిలో తిథి వార నక్షత్రములు, ఇంకొకదానిలో హిజ్రీ నెలలు. ఉగాది ఎప్పుడో, రంజాను ఎప్పుడో, జీతము వచ్చు దినమెప్పుడో తెలిసికొనుటకు ఒకే వీధివారు వేర్వేరు గోడల వంక చూచెదరు. ఈ క్యాలెండర్లకు గల భేదము నెలల పేర్లలో మాత్రమే కాదు. దినము ఎక్కడ మొదలగునను విషయముననే భేదమున్నది. పంచాంగ దినము సూర్యోదయముతో మొదలగును. హిజ్రీ దినము సూర్యాస్తమయముతో మొదలగును. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారును. ఇవి చాలవన్నట్లు బొగ్గు గనులలో నాల్గవ లెక్క యొకటి గలదు. రాత్రి పదకొండు గంటలకు నైట్ షిఫ్టుకు బాయి దిగిన కార్మికుడు మరునాటి ఉదయము ఏడు గంటలకు పైకి వచ్చునని యనుకొందము. అతని మస్టరు మాత్రము ఏదో ఒక్క తేదీకే పడవలెను.

గురువారము తెల్లవారుజామున నాలుగు గంటల వేళను తీసికొనుడు. పంచాంగము ప్రకారము అది యింకను బుధవారమే. హిజ్రీ లెక్కలో ముందటి సాయంకాలము నుండియే గురువారము. ఇంగ్లీషు లెక్కలోను గురువారమే. షిఫ్టు మొదలైన దినమునకే మస్టరు వ్రాసినచో అది బుధవారపు నైట్ షిఫ్టు. క్షణము ఒక్కటే, దానికి వారములు రెండు.

కంప్యూటరు ఈ వివాదములో తలదూర్చదు. అది క్షణమునకు ఒక సంఖ్యను ఇచ్చును. 1970 జనవరి 1వ తేదీ, గ్రీనిచ్ కాలమానపు అర్ధరాత్రిని సున్నగా పెట్టుకొని, నాటి నుండి గడచిన సెకండ్లను ఎంచుకొనుచు పోవును. ఆ సున్న క్షణమును ఎపాక్ అనియు, ఆ సంఖ్యను ఎపాక్ సెకండ్లు అనియు వ్యవహరింతురు. మనము దానిని ఆదిక్షణము అనుకొనవచ్చును. మన గడియారములలో ఆ ఆదిక్షణము అర్ధరాత్రి కాదు. ఉదయము అయిదున్నర గంటలు. ఈ అయిదున్నర గంటల సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు ముందు చెప్పబోవు చిక్కులలో సగము దాని నుండి పుట్టినవే.

తేదీని సెకండ్లుగాను, సెకండ్లను తేదీగాను మార్చుట ఎట్లో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. అంతకంటె ముఖ్యముగా, క్షణము వేరు, తేదీ వేరు అని చూపుట మా ఉద్దేశ్యము. విద్యార్థుల జన్మతేదీలును, కార్మికుల పదవీ విరమణ తేదీలును తారుమారగుటకు ఈ రెంటిని ఒకటిగా భావించుటయే తరచు కారణమగుచున్నది.

ఆదిక్షణము నుండి లెక్కించు పద్ధతి అమెరికావారు క్రొత్తగా కనుగొన్నదని మన విద్యార్థులు తలంతురు. మన జ్యోతిష గణితములో దీనికి అహర్గణము అని పేరు. అహస్సులనగా దినములు, వాని మొత్తము అహర్గణము. కలియుగారంభము క్రీస్తు పూర్వము 3102వ సంవత్సరము ఫిబ్రవరి 17, 18 తేదీల నడిమి అర్ధరాత్రి యని పాత జూలియన్ లెక్కలో చెప్పుదురు. అక్కడి నుండి గడచిన దినములను ఎంచి, ఆ సంఖ్య నుండియే గ్రహముల స్థానములను సాధించెడివారు. ఆర్యభటుడు 43,20,000 సంవత్సరముల యుగమునకు 1,57,79,17,500 దినములని నిర్ణయించెను. విశేషమేమనగా, దినారంభమును గూర్చిన తగవు ఆనాడును ఉన్నది. ఆర్యభటీయము సూర్యోదయము నుండి ఎంచగా, సూర్యసిద్ధాంతము అర్ధరాత్రి నుండి ఎంచెను.

అహర్గణము పెద్ద సంఖ్య యగుటచే గుణకార భాగహారములు కష్టమగును. అందుచే కరణ గ్రంథముల కర్తలు తమకు సమీపమున నున్న ఒక సంవత్సరమును ఆదిగా గ్రహించిరి. గణేశ దైవజ్ఞుని గ్రహలాఘవమునకు ఆది క్రీ.శ. 1520. అతడు మరియొక ఉపాయమును గూడ చేసెను. పదునొకండు సంవత్సరములను ఒక చక్రముగా కట్టి, చక్రమునకు 4,016 దినములని గ్రహించి, మిగిలిన దినములను మాత్రమే చేతిలో నుంచుకొనెను. సంఖ్య చిన్నదిగా నుండవలెనను కోరిక చేతితో లెక్కించువానికిని ఉన్నది, యంత్రమునకును ఉన్నది.

హిజ్రీ లెక్కకును ఇట్టి ఆది గలదు. గణిత పద్ధతిలో మొదటి మొహర్రం మొదటి తేదీ క్రీ.శ. 622 జూలై 16, శుక్రవారము. ముప్పది సంవత్సరములకు ఒక ఆవృత్తి. అందులో 19 సంవత్సరములకు 354 దినములు, 11 సంవత్సరములకు 355 దినములు. మొత్తము 10,631 దినములు.

ఇప్పుడొక చిన్న పరీక్ష చేయుదము. కలియుగారంభము నుండి 1970 జనవరి 1 వరకు గడచిన దినములు 18,52,122. దీనిని ఏడుచే భాగించిన శేషము 6. కలియుగము మొదలైనది శుక్రవారమున. శుక్రవారము నుండి ఆరు దినములు ముందుకు పోయిన గురువారము వచ్చును. హిజ్రీ ఆది నుండి 1970 జనవరి 1 వరకు 4,92,148 దినములు. దీనిని ఏడుచే భాగించినను శేషము 6. ఆదియు శుక్రవారమే, కనుక మరల గురువారమే. 1970 జనవరి 1వ తేదీ నిజముగా గురువారము. రెండు వేర్వేరు సంప్రదాయముల ఆది దినములు రెండును శుక్రవారములగుట, ఆ రెంటి నడుమ 1,94,282 వారములు ఒక్క దినము మిగులకుండ నుండుట, మాకు లెక్క వేయుచుండగా ఆనందము గలిగించిన విషయము. ఏ క్యాలెండరు ఏమి చెప్పినను, ఏడు దినముల వారము మాత్రము అందరికిని ఒక్కటే. కావున లెక్క సరిపోయినదో లేదో చూచుకొనుటకు వారమును మించిన సాక్షి లేదు.

ఒక క్యాలెండరు నుండి మరియొక దానికి తేదీలను మార్చు పని దక్కనులో కచేరీల నిత్యకృత్యముగా నుండెను. తెలుగునకు ఎంతో సేవ చేసిన సి.పి. బ్రౌను 1863లో ‘కర్ణాటిక్ క్రోనాలజీ’ యను పుస్తకమును ప్రకటించినది హిందూ, మహమ్మదీయ కాలగణన పద్ధతులను వివరించుటకే. ఆనాడు పట్టికలు చేసిన పనిని నేడు ప్రోగ్రాము చేయుచున్నది.

యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు నిర్మించిరి. 1971 నాటి మొదటి వివరణ పుస్తకములో ఆది 1971 జనవరి 1. కొలమానము సెకండు కాదు, సెకండులో అరువదవ వంతు. అట్లు ఎంచినచో 32 బిట్ల గడి రెండేండ్ల మూడు నెలలలోనే నిండిపోవును. అందుచే తరువాత సెకండ్లకు మార్చి, ఆదిని 1970గా స్థిరపరచిరి. ఆ సంవత్సరమునకు వేరే మహత్తు ఏమియు లేదు. గణేశ దైవజ్ఞుని వలెనే వారును దగ్గరి సంవత్సరమును ఎన్నుకొనిరి.

ఇక లెక్కలోనికి పోవుదము. 2014 జూన్ 2వ తేదీ, తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన దినము. భారత కాలమానము ప్రకారము ఆ అర్ధరాత్రి 12 గంటలకు ఎపాక్ సెకండ్లు ఎన్ని?

1970 మొదలు 2013 ముగియువరకు 44 సంవత్సరములు. 44ను 365చే గుణింపగా 16,060. ఆ నడుమ లీపు సంవత్సరములు 1972 నుండి 2012 వరకు 11. మొత్తము 16,071 దినములు. నాలుగుచే భాగింపబడు సంవత్సరము లీపు. శతాబ్ది సంవత్సరమైనచో 400చే గూడ భాగింపబడవలెను. 2000 లీపు సంవత్సరమే, 2100 కాదు.

నెలల దినములు కూడుటలో ఒక చక్కని కిటుకు ఉన్నది. చిక్కంతయు ఫిబ్రవరితోనే గనుక దానిని సంవత్సరము చివరకు నెట్టి, మార్చితో సంవత్సరమును మొదలు పెట్టవలెను. మార్చి నుండి జూలై వరకు నెలలు 31, 30, 31, 30, 31. ఆగస్టు నుండి డిసెంబరు వరకును సరిగా అదే వరుస. అయిదేసి నెలలకు 153 దినములు. కావున మార్చికి 0, ఏప్రిల్‌కు 1 అని వరుసగా అంకెలిచ్చి, ఆ అంకెను 153చే గుణించి, 2 కూడి, 5చే భాగించి, శేషమును వదలివేసినచో, మార్చి 1 నుండి ఆ నెల మొదటి తేదీ వరకు గడచిన దినములు వచ్చును. జూన్ అంకె 3. మూడు నూట యేబది మూళ్ళు 459. రెండు కూడగా 461. అయిదుచే భాగింపగా 92. మార్చి 31, ఏప్రిల్ 30, మే 31 కూడిన 92. పట్టిక లేదు, షరతులు లేవు. నెలల పట్టికను బట్టీ పెట్టిన విద్యార్థి దీనిని ఒక్కసారి ప్రతి నెలకును చేసి చూడవలెనని మా కోరిక.

2014లో జనవరి, ఫిబ్రవరి కలిసి 59 దినములు. 16,071కి 59, దానికి 92, జూన్ 2 వరకు మరి 1 కూడగా 16,223 దినములు. ఏడుచే భాగించిన శేషము 4. గురువారము నుండి నాల్గవది సోమవారము. ఆనాడు సోమవారమే, లెక్క సరియైనది. దినమునకు 86,400 సెకండ్లు గనుక గుణింపగా 1,40,16,67,200. కాని ఇది గ్రీనిచ్‌లో అర్ధరాత్రి యగు క్షణము. మన అర్ధరాత్రి అంతకు అయిదున్నర గంటలు, అనగా 19,800 సెకండ్లు ముందే వచ్చినది. తీసివేయగా 1,40,16,47,400. ఇది జవాబు.

ఆ 16,223నే కలి అహర్గణమునకు కూడినచో 18,68,345. హిజ్రీ దినములకు కూడినచో 5,08,371. ఈ రెండవ సంఖ్యలో 10,631 దినముల ఆవృత్తులు 47, అనగా 1410 సంవత్సరములు. మిగిలిన 8,714 దినములలో 24 సంవత్సరములకు 8,505 పోగా 209 మిగులును. ఏడు నెలలకు 207 పోగా రెండు దినములు గడచినవి. కావున ఆనాడు గణిత పద్ధతిలో 1435 షాబాన్ 3. నెలవంక కనబడిన తీరును బట్టి ఒక దినము అటునిటు కావచ్చును. అందుచే రంజాను పండుగ తేదీని ఏ ప్రోగ్రామునకును ముందుగా అప్పగింపరాదు. ప్రోగ్రాము చెప్పునది గణితము; పండుగను నిర్ణయించునది ఆకాశము.

ఇప్పుడు విలోమ క్రియ. 1,70,00,00,000 అను గుండ్రని సంఖ్యను తీసికొందము. మన కాలమునకై ముందుగా 19,800 కూడవలెను: 1,70,00,19,800. 86,400చే భాగింపగా 19,676 దినములు, శేషము 13,400 సెకండ్లు. శేషమును 3,600చే భాగించిన 3 గంటలు. మిగిలిన 2,600లో 43 నిమిషములు, 20 సెకండ్లు. దినములలో నుండి 2022 చివరి వరకు గల 53 సంవత్సరములకు లీపు దినములతో కలిపి 19,358 తీసివేయగా 318. అక్టోబరు ముగియువరకు 304 గనుక మిగిలినవి 14. గడచినవి పదునాలుగైనచో నడచుచున్నది పదునైదవ తేదీ. జవాబు 2023 నవంబరు 15, తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషముల 20 సెకండ్లు. 19,676ను ఏడుచే భాగించిన శేషము 6, బుధవారము.

ముందుగా 19,800 కూడుట మరచినచో ఏమగును? 2023 నవంబరు 14 రాత్రి 10 గంటల 13 నిమిషములని వచ్చును. గంట మాత్రమే కాక తేదీయు తప్పును. మన దేశములో అర్ధరాత్రి నుండి ఉదయము అయిదున్నర వరకు గ్రీనిచ్‌లో ఇంకను నిన్నటి తేదీయే యుండును. పగటి పనులు మాత్రమే నడచు పట్టణములలో ఈ లోపము సులభముగా బయటపడదు. రాత్రియంతయు పని సాగు మన బొగ్గు ప్రాంతములో షిఫ్టులో సగమునకు పైగా ఈ అయిదున్నర గంటలలోనే గడచును. తెల్లవారి మూడు గంటలకు బాయిలో జరిగిన ప్రమాదము, అదే వేళ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ, రెండును ఒక దినము వెనుకకు నమోదగును. నష్టపరిహారపు కాగితములలో తేదీ ఎంత విలువైనదో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు.

పోలికలోనికి వచ్చు మరియొక పొరపాటు. కొన్ని భాషలు సెకండ్లను గాక మిల్లీ సెకండ్లను ఎంచును. జావా, జావాస్క్రిప్ట్ అట్టివి. నేటి క్షణమును సెకండ్లలో వ్రాసిన పది అంకెలు, మిల్లీ సెకండ్లలో పదమూడు అంకెలు. పది అంకెల సంఖ్యను మిల్లీ సెకండ్లుగా చదివినచో పైన చెప్పిన 2023 నవంబరు 15 కాస్త 1970 జనవరి 20 అగును. తెర మీద 1970 జనవరి కనబడినచో ఇట్టిదేదో జరిగినదని అనుమానింపవచ్చును.

1970కి ముందటి తేదీలు ఋణ సంఖ్యలగును. సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అను పేరుతో సంస్థ నమోదైన 1920 డిసెంబరు 23వ తేదీని చూడుడు. అక్కడి నుండి 1970 జనవరి 1 వరకు 17,906 దినములు. ఏడుచే భాగించిన శేషము సున్న. కనుక అదియు గురువారమే. నేటి భారత కాలమానమును అనుసరించి ఆ అర్ధరాత్రికి ఎపాక్ సెకండ్లు ఋణ 1,54,70,98,200.

ఋణ సంఖ్యలను భాగించునపుడు ప్రోగ్రామరు జాగరూకుడై యుండవలెను. ఋణ 3,600 అనగా గ్రీనిచ్‌లో 1969 డిసెంబరు 31 రాత్రి 11 గంటలు. దీనిని 86,400చే భాగించినపుడు సీ భాష సున్న వైపునకు కోసివేసి, దినము సున్న, శేషము ఋణ 3,600 అని చెప్పును. దినము సున్న అనగా జనవరి 1; ఇది తప్పు. పైథాన్ భాష క్రిందికి దించి, దినము ఋణ ఒకటి, శేషము 82,800 అని చెప్పును, 82,800 సెకండ్లు 23 గంటలు, ఇది సరి. సీలో వ్రాయువారు శేషము ఋణమైనచో 86,400 కూడి, దినము నుండి ఒకటి తగ్గింపవలెను. మన తాతలు, పదవీ విరమణ చేసిన మన పెద్దలలో అనేకులు ఋణ సంఖ్యలలో పుట్టినవారే. వారి వివరములను నమోదు చేయు ప్రోగ్రాములో ఈ నాలుగు పంక్తులు లేకున్నచో వారి జన్మతేదీ కదలిపోవును. మైఎస్‌క్యూఎల్ లోని టైమ్‌స్టాంప్ అను రకపు గడి 1970కి ముందటి తేదీని అసలు స్వీకరింపనే స్వీకరింపదు.

యుద్ధకాలపు పిల్లల సంగతి మరింత విచిత్రము. రెండవ ప్రపంచ యుద్ధములో 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు భారతదేశపు గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. గ్రీనిచ్‌కు ఆరున్నర గంటలు ముందు. ఏషియా/కోల్‌కతా అను మండలపు పట్టికలో ఈ చరిత్ర యంతయు ఉన్నది. 1943లో పుట్టినవారి తేదీని ఈ పట్టిక ప్రకారము సెకండ్లుగా మార్చి, తిరిగి అయిదున్నర గంటలు మాత్రమే కూడి చూపినచో, ముందటి దినము రాత్రి 11 గంటలని వచ్చును.

ఇన్ని చిక్కులకు మూలము ఏమి? జన్మతేదీని క్షణముగా మార్చుటయే. 2005 జూలై 1న పుట్టిన విద్యార్థి తేదీని ప్రోగ్రాము ఆనాటి అర్ధరాత్రిగా భావించి సెకండ్లలో దాచును. ఆ క్షణమున గ్రీనిచ్‌లో జూన్ 30 సాయంకాలము ఆరున్నర. దానిని మరియొక ప్రోగ్రాము గ్రీనిచ్ కాలములో చదివినచో జూన్ 30 అని చూపును. పదవ తరగతి మెమోలో జూలై 1, ఉపకార వేతనపు దరఖాస్తులో జూన్ 30. రెండును సరిపోలవు, దరఖాస్తు ఆగిపోవును. తప్పు విద్యార్థిది కాదు, మెమోది కాదు. అయినను అఫిడవిట్టు కొరకు తిరుగువాడు ఆ విద్యార్థియే. చదువు మానుకొనునంత దూరము పోవు పేద విద్యార్థికి ఒక్క దినపు భేదము చిన్నది కాదు.

ఈ లోపము అమెరికాలో పరీక్షించినపుడు కనబడదు. న్యూయార్కులో అర్ధరాత్రి యనగా గ్రీనిచ్‌లో అదే తేదీ తెల్లవారుజాము, తేదీ కదలదు. గ్రీనిచ్‌కు తూర్పున నున్న మనకే ప్రతి తేదీయు వెనుకకు జారును. అక్కడ పనిచేయు మన తెలుగు ఇంజనీర్లు వ్రాసినను, యంత్రము అక్కడిదైనచో ఫలితము అట్లే యుండును. మరల, తేదీని గ్రీనిచ్ అర్ధరాత్రిగా దాచినచో మనకు సరిగా కనబడి వారికి ఒక దినము వెనుకకు పోవును. కావున ఏ అర్ధరాత్రిని ఎన్నుకొనినను ఎవరికో ఒకరికి తప్పును.

ఆలోచించి చూచినచో జన్మతేదీ క్షణమే కాదు. బిడ్డ పుట్టిన గంట జాతకము వ్రాయువారికి కావలెను గాని, మెమోలో ఉన్నది సంవత్సరము, నెల, దినము మాత్రమే. దానిని ఆ మూడు అంకెలుగానే దాచవలెను. సెకండ్లకు మార్చవలసిన అవసరమే లేదు. హాజరు వేసిన వేళ, రుసుము చెల్లించిన వేళ, లిఫ్టు దిగిన వేళ, ఇవి క్షణములు. వానిని ఎపాక్ సెకండ్లలో దాచుట ఉత్తమము. జన్మతేదీ, పండుగ, షిఫ్టు తేదీ, ఇవి మనుష్యులు పెట్టుకొన్న పేర్లు. మస్టరు తేదీని గడియారము నుండి రాబట్టరాదు. దానికి వేరొక గడి యుండవలెను.

ఫస్లీ కాగితములు చూచినవారికి ఇది సులభముగా బోధపడును. 1948లో భారతదేశమున కలియువరకు మన ప్రాంతము హైదరాబాదు సంస్థానములో నుండెను. నిజాం ప్రభుత్వపు ఫస్లీ సంవత్సరము ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారమున మొదలయ్యెడిది. రెవెన్యూవారి ఫస్లీ జూలై 1న మొదలగును. 1430 ఫస్లీ యనగా 2020 జూలై నుండి 2021 జూన్ వరకు. ఫస్లీకి 590 గాని 591 గాని కూడిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఒక వృద్ధుని కాగితములో 1345 ఫస్లీ యని మాత్రమే యున్నచో అది ఒక క్షణము కాదు, ఒక దినమైనను కాదు. ఒక సంవత్సరపు పరిధి. కంప్యూటరు గడి మాత్రము తేదీ కావలెనని పట్టుబట్టును. సంవత్సరము మాత్రమే తెలిసినచో జూలై 1, నెలయు తెలిసినచో 16వ తేదీ అని గ్రహించు పద్ధతి ప్రభుత్వ సర్వీసు నిబంధనలలో చిరకాలముగా గలదు. ఇది అంగీకారమే గాని సత్యము కాదు. ఊహించిన తేదీకి ప్రక్కన ‘ఊహ’ అని గుర్తుంచు గడి యొకటి యున్నచో ఎంతో మేలు.

32 బిట్ల గడిని గూర్చి చెప్పి ముగింతుము. అందులో పట్టు గరిష్ఠ సంఖ్య 2,14,74,83,647. అది 2038 జనవరి 19వ తేదీ, మంగళవారము, మన గడియారములో ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు నిండును. మరుక్షణమున సంఖ్య ఋణములోనికి దొర్లి 1901 డిసెంబరునకు పోవును. 64 బిట్ల వ్యవస్థలకు ఈ భయము లేదు. కాని పాత ప్రోగ్రాములలోను, పైన చెప్పిన టైమ్‌స్టాంప్ గడిలోను ఈ హద్దు ఇంకను ఉన్నది. 2038 దూరమున్నదని అనుకొనరాదు. 1978 జనవరి 19 తరువాత పుట్టిన కార్మికునికి 60 ఏండ్లు నిండునది ఆ హద్దు దాటిన తరువాతనే. అతని పదవీ విరమణ తేదీని, పింఛను ప్రారంభ తేదీని నేడే లెక్కించి దాచవలసియున్నది. హద్దును తాకుటకు ప్రోగ్రాము 2038 వరకు ఆగనవసరము లేదు.

లీపు సెకండ్లు 1972 నుండి 2016 వరకు 27 చేర్చబడినవి. ఎపాక్ లెక్క వానిని పట్టించుకొనదు. దినమునకు ఎల్లప్పుడును 86,400 అనియే గ్రహించును. విద్యార్థుల ప్రాజెక్టులకు ఇది అడ్డు కాదు.

కళాశాల నిర్వాహక సంఘమువారికి ఒక విన్నపము. ప్రవేశములకు గాని, ఉపకార వేతనములకు గాని, ఉద్యోగుల వివరములకు గాని సాఫ్టువేరును వ్రాయించుకొనునపుడు సొమ్ము చెల్లించుటకు ముందు నాలుగు తేదీలను అందులో ఎక్కించి చూడవలెను. విద్యార్థి జన్మతేదీగా 2004 ఫిబ్రవరి 29. తండ్రి జన్మతేదీగా 1965 జనవరి 1. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక నమోదు. దీనికి నైట్ షిఫ్టు తండ్రులు గల మన విద్యార్థులు సంతోషముగా సాయపడుదురు. చివరగా ఉద్యోగి విరమణ తేదీగా 2038 జనవరి 20. ఎక్కించినవానిని మరునాడు వేరొక యంత్రము మీద తెరచి, కాగితము మీద అచ్చు వేయించి, అక్షరము అక్షరము సరిచూడవలెను. ఫిబ్రవరి 29 కాస్త 28 అయినను, 1965 స్థానమున ఖాళీ గాని 1964 డిసెంబరు 31 గాని కనబడినను, తెల్లవారుజాము నమోదు నిన్నటి తేదీలో పడినను, 2038కి మారుగా 1901 డిసెంబరు 14 అని వచ్చినను, బిల్లు మీద సంతకము చేయక, ఆ అచ్చు కాగితమునే వ్రాసినవారికి తిప్పి పంపవలెను.